సెట్ అనే ఒక్క మాట పెట్టి డిక్షనరీలను పరీక్షించాను

ఇంట్లో పెరుగు తోడుపెట్టుకునే కరెంటు మిషన్‌తో ఒక కాగితం వస్తుంది కదా, ఎలా వాడాలో చెప్పేది, దాన్ని తెలుగు చేసే పని పోయిన నెల నా దగ్గరికొచ్చింది. పంపినవాళ్ళు ముందే ఏదో యాప్‌లో వేసేశారు, మీరు ఒకసారి చూసి తప్పులు దిద్దితే చాలన్నారు. నాలుగో లైనులో ‘పాలు సమితి అయ్యే వరకు గిన్నెను కదపవద్దు’ అని ఉంది. నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. ఇంగ్లీషు కాగితం తీసి చూస్తే అక్కడున్న మాట సెట్. లెక్కల పుస్తకంలో సెట్ అంటే సమితి, నిజమే. కానీ గిన్నెలో పాలు సమితి అవవు, తోడుకుంటాయి. ప్రతి ఇంట్లో రోజూ వినపడే మాట అది. ఆ కాగితం అలాగే అచ్చయి, తెలుగు మాత్రమే చదవగలిగిన ఒక పెద్దావిడ చేతికి వెళ్ళుంటే ఆవిడ తనకే చదవడం రాలేదేమో అనుకునేది. అందుకే నాకు కోపం వచ్చింది.

అనువాదాలు చేస్తాను కాబట్టి ఏ ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ మంచిదని చాలామంది అడుగుతుంటారు. ఈసారి సరిగ్గా చెప్పాలనిపించి, నేను వాడేవాటన్నిటికీ ఈ సెట్ అనే మాటతోనే పరీక్ష పెట్టాను. ఇంగ్లీషులో దీనంత గడుసు మాట తక్కువ. 1989లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 20 సంపుటాలుగా వచ్చినప్పుడు అన్నిటికంటే పొడవైన పద్దు (ఒక మాట కింద ఇచ్చే వివరం మొత్తం) దీనిదే, 430 అర్థాలు, వాటిని వివరించడానికి దాదాపు 60,000 మాటలు పట్టాయి. తర్వాత చేసిన సవరణల్లో రన్ అనే మాట ఒక్క క్రియగానే 645 అర్థాలతో దీన్ని దాటేసింది, అది వేరే సంగతి.

ముందు యాప్‌ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. ఫోన్లో దొరికే ఉచిత డిక్షనరీ యాప్‌లు మూడు చూశాను, మూడింట్లోనూ సెట్ కింద ‘సమితి, అమర్చు, ఉంచు, సమూహం’ అని వరసగా పేర్చి ఉంది. ఏది ఎక్కడ వాడాలో ఒక్క ముక్క లేదు. తెలుగు రానివాడికి ఇది పనికిరాదు, వచ్చినవాడికి అక్కర్లేదు.

నేను రోజూ తెరిచేది ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన. డబ్బులేమీ కట్టక్కర్లేదు. మాట ఒకసారి కొడితే చాలా నిఘంటువుల్లో ఉన్నది ఒకే పేజీలో కనిపిస్తుంది. బ్రౌన్, శంకరనారాయణ, సూర్యరాయాంధ్ర నిఘంటువు... ఇవన్నీ అచ్చు పుస్తకాలుగా కొని పెట్టుకోవాలంటే ఒక బీరువా కావాలి. ఒకప్పుడు నేను కోఠీలో పాత పుస్తకాల దగ్గర చిరిగిన శంకరనారాయణ నిఘంటువు ఒకటి కొని దానికి అట్టలు వేయించుకుని వాడేవాణ్ణి, కాబట్టి ఈ సౌకర్యం విలువ నాకు బాగా తెలుసు.

ఇందులో నాకు ఎక్కువ పనికొచ్చేది బ్రౌన్. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 1852 నాటిది, భాష పాతది, ‘పెట్టుట, ఉంచుట’ అనే పద్ధతిలో ఉంటుంది. అయినా ఆయన ఒక మంచి పని చేశాడు, చాలా మాటలకు అర్థం ఇచ్చి ఊరుకోకుండా ఇంగ్లీషు వాక్యం రాసి దాని పక్కనే తెలుగు వాక్యం రాశాడు. సెట్ లాంటి మాటకు కావాల్సింది అదే. ఎందుకంటే ఇంగ్లీషులో క్రియ ఒకటే ఉంటుంది, అది దేని మీద పనిచేస్తుందో ఆ వస్తువును బట్టి తెలుగులో క్రియ మారిపోతుంది. పొద్దు గుంకుతుంది. పెరుగు తోడుకుంటుంది. ఉంగరంలో రాయి పొదుగుతారు. పాత ప్రెస్సుల్లో కంపోజిటరు అక్షరాలు కూర్చేవాడు. అలారం పెడతాం, ఉచ్చు పన్నుతాం, ముహూర్తం కుదుర్చుకుంటాం. విరిగిన ఎముకనైతే సరిచేసి కట్టు కడతారు, పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువ. ఇన్నిటికీ ఇంగ్లీషువాడికి ఆ ఒక్క మాటే! ఇవన్నీ పోగొట్టుకుని మనం కూడా అన్నిటికీ ‘అమర్చు’ అని రాయడం మొదలుపెడితే నష్టం మనకే, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

బ్రౌన్‌లో దొరకనివి ఉన్నాయి, లెక్కల్లో సెట్, టెన్నిస్‌లో సెట్ లాంటివి, అది ఆయన తప్పు కాదు. సమితుల గణితానికి పునాది అని చెప్పే గేయార్గ్ కాంటర్ అనే గణితవేత్త వ్యాసం వచ్చింది 1874లో, లాన్ టెన్నిస్‌కి వింగ్‌ఫీల్డ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నదీ 1874లోనే. అప్పటికి బ్రౌన్ నిఘంటువు వచ్చి 22 ఏళ్ళు. కాబట్టి లెక్కలకు మన తెలుగు మీడియం పాఠ్యపుస్తకాలే ఆధారం. సమితి, ఉపసమితి, శూన్యసమితి అని అందులో మాటలు చక్కగా ఉన్నాయి, ఇంకెక్కడా వెతకనక్కర్లేదు. ఆటలకు పేపర్ల స్పోర్ట్స్ పేజీ చూస్తే చాలు. అక్కడ సెట్‌ని సెట్ అనే రాస్తారు, అలా రాయడమే సరైనది కూడా. టెన్నిస్, వాలీబాల్‌లో సెట్లు ఉంటాయి, బ్యాడ్మింటన్‌లో మాత్రం అది గేమ్, 21 పాయింట్లకు ఒకటి. మాట్లాడేటప్పుడు మనం దాన్నీ సెట్ అనేస్తాం గానీ రాసేటప్పుడు చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే కష్టమైంది సిమెంటు. ఒక సిమెంటు బస్తా మీద వేసే సూచనలు తెలుగు చేయాల్సి వచ్చింది. సెట్టింగ్ అని ఒకచోట, హార్డెనింగ్ అని ఇంకోచోట ఉంది, నేను రెండింటికీ ‘గట్టిపడటం’ అని రాశాను. ఇంజినీరుగా ఉన్న మా బావ చూసి ఇది పూర్తిగా తప్పు అన్నాడు. సెట్టింగ్ అంటే కలిపిన సిమెంటు ముద్ద మెత్తదనం పోయి ఇక కదలకుండా అయిపోవడం, హార్డెనింగ్ అంటే ఆ తర్వాత రోజుల తరబడి బలం పెరగడం. మన దేశపు ప్రమాణాల ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటులో మొదటి సెట్టింగ్, అంటే మెత్తదనం పోవడం మొదలవడం, 30 నిమిషాల లోపు రాకూడదు, చివరి సెట్టింగ్, అంటే పూర్తిగా కదలకుండా అయిపోవడం, 600 నిమిషాలు దాటకూడదు. వికాట్ అనే పరికరంలో సూదిని ముద్దలోకి దించి, అది ఎంత లోతు దిగుతుందో చూసి ఇది తేలుస్తారు. బలం సంగతి వేరు, దాన్ని 28 రోజులకు చూస్తారు. మరి ఈ తేడా తెలుగులో ఎలా చెప్పాలి? ఏ నిఘంటువులోనూ నాకు దొరకలేదు. మా వీధి చివర ఇల్లు కడుతున్న చోటికెళ్ళి మేస్త్రిని అడిగాను. పొద్దున పోసిన గట్టు మీద ఆయన బొటనవేలు ఆనించి నొక్కాడు, వేలి ముద్ర పడలేదు. ‘ఇది బిగిసింది సార్, గట్టిపడటానికి ఇంకా టైముంది, రేపట్నుంచి నీళ్ళు కొట్టాలి’ అన్నాడు. నేను మూడు రోజులు కొట్టుకున్నదాన్ని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు. బిగియడం, గట్టిపడటం అనే రెండు మాటలూ బస్తా మీద అలాగే వేయించాను.

ఇంకో సంగతి, ఈ సెట్ ఇప్పుడు తెలుగు మాట కూడా. సంబంధం సెట్ అయింది, ఈ చొక్కా నీకు సెట్ కాలేదు, సినిమా సెట్స్ మీదకెళ్ళింది, నగల షాపులో హారం కమ్మలు కలిపి సెట్, టిఫిన్ సెంటర్లో సెట్ దోశ. దీనికి తోడు ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్), ఐసెట్, లాసెట్‌లలో ఉన్నది అసలు ఆ సెట్ కానే కాదు, కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు. మన లిపిలో రాసేసరికి రెండూ ఒకటైపోయాయి. మనం వాడే ఈ సెట్‌కి అర్థాలు చెప్పే పద్దు నేను చూసిన నిఘంటువుల్లో లేదు. ఎవరైనా కూర్చుని రాస్తే బాగుంటుంది, చాలా అవసరం కూడా.

మార్కులంటే, నిఘంటు శోధనకు అయిదుకి నాలుగు ఇస్తాను. కొత్త సాంకేతిక మాటలకూ చేతిపనుల మాటలకూ అది ఒక్కటే చాలదు కాబట్టి ఒకటి తగ్గించాను. అయితే అది వాడేవాళ్ళకు ఒక చిట్కా, ఇంగ్లీషు మాట వెతకడంతో ఆపకండి, తోచిన తెలుగు మాటను తిప్పి వెతకండి. అదే పెరుగు కాగితంలో చివర జెల్లీ చేసుకునే పద్ధతి ఉంది, ఫ్రిజ్‌లో పెట్టి సెట్ అవనివ్వాలి. జెల్లీ తోడుకోదు, బిగియదు, గడ్డకట్టడం అంటే ఐస్ అవుతుందనుకుంటారు. అమ్మకు ఫోన్ చేస్తే ‘చలికాలం నెయ్యి ఏమవుతుందిరా, పేరుకోదూ?’ అంది. వెంటనే పేరు అనే క్రియ కొట్టి చూశాను, గడ్డకట్టడం, చిక్కబడటం అనే అర్థాలు ఉన్నాయి. కాగితంలో ‘రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి పేరుకోనివ్వండి’ అని రాసి పంపాను, వాళ్ళు ఒక్క అక్షరం మార్చకుండా వేసుకున్నారు.