వేదికపై అకూస్టిక్ గిటారుకు ఎస్‌ఎమ్57: ఎనిమిదేళ్ళ వాడకం తరువాత

అకూస్టిక్ గిటారుకు షూర్ కంపెనీ ఎస్‌ఎమ్57 మైకు పెడతానని చెబితే స్టూడియోల్లో పనిచేసే మిత్రులు పెదవి విరుస్తారు. వారి మాటలో న్యాయం లేకపోలేదు. 1965 నుంచి తయారవుతున్న ఈ డైనమిక్ మైకు 40 హెర్ట్జ్ నుంచి 15,000 హెర్ట్జ్ వరకు పలుకుతుందని తయారీదారులే ప్రకటించారు కనుక, మంచి కండెన్సర్ మైకులో, అంటే సన్నని శబ్దాలనూ పట్టే సున్నితమైన రకంలో, వినిపించే సన్నని తళుకును దీని నుంచి ఆశించకూడదు. అయినా అనంతపురంలో లలిత సంగీత కచేరీలకు, క్రిస్మస్ ఆరాధనలకు, పెళ్ళి విందులకు గిటారు వాయించే నేను ఎనిమిదేళ్ళుగా దీన్నే సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాను.

అంతకు ముందు నా దగ్గర ఒక చిన్న కండెన్సర్ మైకు ఉండేది. ఇంట్లో తలుపులు మూసుకుని వింటే గిటారు ఎదురుగా కూర్చుని పలకరించినట్టు ఉండేది. ఒక కల్యాణ మండపంలో మాత్రం అది గిటారును వదిలేసి పక్కనున్న రిథమ్ ప్యాడ్లను, తలపై తిరిగే ఫ్యానును, వాయించేది నాకే వినిపించడానికి నా ముందు పెట్టిన మానిటర్ బాక్సును శ్రద్ధగా విన్నది. గిటారు వినబడటం లేదని సౌండు చూసే అతను ఛానల్ పెంచినప్పుడల్లా కూత (ఫీడ్‌బ్యాక్) మొదలయ్యేది. తప్పు మైకుది కాదు, అన్నిటినీ వినగలగడం దాని గుణం. వేదిక మీద మనకు కావలసింది కొంచెం చెవుడున్న మైకు. ఎస్‌ఎమ్57 దూరపు శబ్దాన్ని పెద్దగా పట్టించుకోదు, కండెన్సర్లకు మిక్సరు నుంచి కేబుల్ గుండా అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా అడగదు.

దీన్ని ఎక్కడ పెట్టాలన్నదే అసలు విద్య. మన దగ్గర స్టాండు తెచ్చి పెట్టేవారు సాధారణంగా మైకును నేరుగా సౌండ్‌హోల్ ఎదుట నిలుపుతారు. శబ్దం అక్కడి నుంచే వస్తుందని వారి లెక్క. కానీ గిటారు పొట్టలోని గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఆ రంధ్రం గుండా గట్టిగా ఊగుతుంది, దానికి మైకు దగ్గరవుతున్నకొద్దీ బేస్ పెరిగే గుణం తోడైతే కుండలో తల పెట్టి మాట్లాడినట్టు వినబడుతుంది. నేను మైకును మెడ పొట్టను కలిసే చోటికి, అంటే పన్నెండు, పద్నాలుగు ఫ్రెట్ల మధ్యకు, జానెడు దూరంలో గురిపెడతాను. బెత్తెడు దూరానికి జరిపితే మోత, మూరెడు దూరానికి పోతే పక్కవాళ్ళ వాయిద్యాలు. ఇక కదలకుండా కూర్చోవడం వాయించేవాడి బాధ్యత. నాకు పాట మధ్యలో ఊగే అలవాటు ఉండేది, దాన్ని మానుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

అయితే ఈ మైకు ఒక్కదానితోనే పెద్ద పందిట్లో నెగ్గుకు రావడం కష్టం. నా గిటారులో తీగలు ఆనే శాడిల్ కింద, ప్రకంపనను విద్యుత్ సంకేతంగా మార్చే పియెజో పికప్ ఉంది. దాన్ని, సంకేతాన్ని పెంచే ప్రీయాంపు గుండా, మిక్సరుకు తగినట్టు మార్చే డీఐ బాక్సుకు, అక్కడి నుంచి మిక్సరుకు ఇస్తాను. పియెజో కూత పెట్టడంలో తొందరపడదు గాని, గట్టిగా మీటితే రేకు మీద కొట్టినట్టు పలుకుతుంది. 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కల కొంత తగ్గిస్తే ఆ కరుకుదనం సర్దుకుంటుంది. అందువల్ల బరువంతా పికప్ మోయాలి, మైకు కర్రవాసనను మాత్రమే కలపాలి. ముందు పికప్‌ను ఒక్కదాన్నే హాలుకు సరిపడా పెంచి, తరువాత మైకును మెల్లగా లేపుతూ, ‘ఇది తీసేస్తే ఏదో లోటుగా ఉంది’ అనిపించే చోట ఆపుతాను. అంతకు మించి లేపితే లాభం కంటే కూత ఎక్కువ.

రెండిటినీ కలిపినప్పుడు గిటారు హఠాత్తుగా పలచబడిపోవడం నన్ను తొలి ఏడాదంతా వేధించింది. పికప్‌కు ప్రకంపన వెంటనే అందుతుంది, మైకుకు మాత్రం జానెడు గాలి దాటి సుమారు 0.65 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం వల్ల 750 హెర్ట్జ్ ప్రాంతంలో రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, పైగా రెండిటి పొలారిటీ ఎదురెదురుగా ఉంటే, అంటే ఒకటి పైకి ఊగేటప్పుడు మరొకటి కిందికి ఊగితే, బేస్ కూడా మాయమవుతుంది. అద్దె మిక్సర్లలో పొలారిటీ మీట చాలాసార్లు ఉండదు కనుక, 2వ, 3వ పిన్నుల తీగలను ఒక చివర తారుమారు చేసి అతికించిన కేబుల్ ఒకటి ఎర్ర టేపు చుట్టి దగ్గర ఉంచుకున్నాను. మామూలు కేబుల్‌తో ఒకసారి, దీనితో ఒకసారి విని, ఏది నిండుగా ఉంటే దాన్నే ఉంచుతాను. మైకు ఛానల్‌లో బేస్ బాగా తగ్గించడం కూడా ఈ గొడవను సగం తీరుస్తుంది.

మానిటర్ బాక్సు సరిగ్గా మైకు వీపు వెనుక ఉండాలి. ఇలాంటి కార్డియాయిడ్ మైకుకు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేదానికి, వెనుకవైపే చెవుడు ఎక్కువ. ఈ మాట చెప్పి బాక్సు జరిపించడానికి ప్రతి కచేరీలోనూ కొంత మొహమాటం వదులుకోవలసి వస్తుంది. జనరేటరు మీద నడిచే చోట్ల హమ్ వస్తే డీఐ బాక్సు మీది గ్రౌండ్ లిఫ్ట్, అంటే సంకేతపు గ్రౌండ్ తీగను విడదీసే మీట, నొక్కి చూస్తాను. మన వేసవి పొడిగాలికి గిటారు పైపలక కుంగి తీగలు ఫ్రెట్లకు తగులుతూ జుయ్యిమంటాయి. ఆ చప్పుడును ఏ మైకూ దాచదు కనుక, మార్చి నుంచే గిటారును పెట్టెలో తేమ స్పాంజితో ఉంచుతున్నాను.

లోపాలు కూడా చెప్పాలి. వేళ్ళతో మెత్తగా మీటేవారికి ఈ మైకు సంకేతం బలహీనం. గెయిన్ బాగా తిప్పవలసి రావడంతో చవక మిక్సర్లలో బుస వినిపిస్తుంది. లలితకళా పరిషత్తు వంటి మందిరంలో, ప్యాడ్లు లేకుండా, నిశ్శబ్దంగా వినే సభ ముందు ఒంటరిగా వాయించే అవకాశం వస్తే నేను కండెన్సర్‌నే అరువు తెచ్చుకుంటాను. మిగిలిన రోజులకు ఇదే. రెండుసార్లు స్టాండుతో సహా నేల మీద పడింది, జాలీ ఒక పక్క సొట్టపోయింది, ధ్వనిలో తేడా నాకు తెలియలేదు. ఇన్నేళ్ళలో మార్చవలసి వచ్చింది దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పును మాత్రమే.