క్లినిక్ ట్యాబ్‌ల నుంచి కేంద్ర సర్వర్‌కు రికార్డులు: ఏ పద్ధతి మేలు?

క్లినిక్‌లకు ట్యాబ్‌లు ఇచ్చేటప్పుడు తెర ఎంత పెద్దది, బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుంది, ఫారాలు మన భాషలో ఉంటాయా అని అందరూ అడుగుతారు. నెట్ లేనప్పుడు ఒకే రోగి రికార్డును రెండు ట్యాబ్‌లలో మారిస్తే కేంద్ర సర్వర్ ఎవరి మాట వింటుందని అడిగేవారు తక్కువ. అమ్మేవారేమో ‘ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ముక్క కింద ఒకదానితో ఒకటి పొంతన లేని పద్ధతులు ఇమిడిపోతాయి.

అన్నిటికన్నా సులువైనది, ట్యాబ్‌లో ఏమీ దాచకుండా ప్రతి వివరాన్నీ అప్పటికప్పుడు సర్వర్‌లోనే రాయడం. రికార్డు ఒక్కచోటే ఉంటుంది కనుక రెండు ప్రతులను సరిచూసి ఒకటి చేయడం, అంటే సింక్, అనే సమస్యే పుట్టదు. ట్యాబ్ ఎవరి చేతిలోనైనా పడినా రోగుల వివరాలు అందులో ఉండవు. నెట్ నిలకడగా ఉండే చోట ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అక్కడ ఆఫ్‌లైన్ హంగుల కోసం డబ్బు పెట్టడం లేని తలనొప్పిని కొనితెచ్చుకోవడమే. చిక్కల్లా నెట్ పోయినప్పుడు. 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ ప్రతిపాదించగా 2002లో సేథ్ గిల్బర్ట్, నాన్సీ లించ్ నిరూపించిన సూత్రం ఇక్కడ అడ్డు నిలుస్తుంది: యంత్రాల మధ్య సంబంధం తెగినప్పుడు, అన్నిచోట్లా ఒకే సమాచారం ఉండాలన్న పట్టునైనా వదలాలి, ఎప్పుడు అడిగినా పని జరగాలన్న పట్టునైనా వదలాలి. ఎదురుగా జ్వరంతో బిడ్డ ఉంటే నర్సు రెండోదాన్ని వదలదు. కాగితం తీసి రాస్తుంది. సాయంత్రం ఎవరో దాన్ని ఎక్కిస్తారు. బిడ్డను చూసిన సమయానికి బదులు ఎక్కించిన సమయం పడుతుంది. చూడబోతే ఇదీ ఆఫ్‌లైన్ పద్ధతే, కాకపోతే ఎవరూ ఆలోచించి రూపొందించనిది.

రోజు ముగిశాక మొత్తం ఫైలును ఒకేసారి పంపడం మరో దారి. ప్రసవాలు ఎన్ని, టీకాలు ఎన్ని అనే నెలవారీ లెక్కలకు ఇది చక్కగా సరిపోతుంది. డీహెచ్‌ఐఎస్‌ 2 వంటి ఆరోగ్య గణాంకాల వ్యవస్థలో ఒక అంకెను గుర్తించేది అది ఏ కేంద్రానిది, ఏ నెలది, ఏ అంశానిది అన్న వివరాలే. అదే అంకెను పదిసార్లు పంపినా పాతదాని స్థానంలోనే కూర్చుంటుంది, లెక్క పెరగదు. రోగుల రికార్డులను మాత్రం ఇలా పంపకూడదు. ఒక ట్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చిన నిన్నటి ఫైలు, మరో ట్యాబ్‌లో ఈ ఉదయం రాసిన మార్పులపై బోర్లా పడుతుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యే. ట్యాబ్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే డేటాబేస్‌కు ప్రతులు ఉంచి, నెట్ దొరికినప్పుడల్లా రెండువైపులా సరిచూసుకోవడం ఒకటి. ప్రతి సందర్శననూ విడి నివేదికగా ముద్రవేసి వరుసలో పెట్టి పంపడం ఇంకొకటి.

మొదటిదానికి బాగా తెలిసిన ఉదాహరణ కౌచ్‌డీబీ. బ్రౌజర్‌లో నడిచే దాని తోడు పౌచ్‌డీబీ. సామాజిక ఆరోగ్య కార్యకర్తల కోసం తయారైన కమ్యూనిటీ హెల్త్ టూల్‌కిట్ ఈ జంటపైనే నిలబడింది. సంబంధం కలవగానే ‘ఫలానా క్రమసంఖ్య తర్వాత ఏమేం మారాయి’ అని ఒకవైపు అడుగుతుంది, రెండోవైపు వాటినే ఇస్తుంది. మధ్యలో తెగిపోతే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతుంది. చూడ ముచ్చటైన యంత్రాంగం. నిన్న పక్క గదిలో నమోదైన వివరం ఈ రోజు నా ట్యాబ్‌లోనూ కనిపిస్తుంది కనుక నర్సులకు ఇది నచ్చుతుంది కూడా.

అయితే రెండు ప్రతులు విభేదించినప్పుడు ఏం జరుగుతుందో చూడండి. కౌచ్‌డీబీ రెండింటినీ దాచుకుంటుంది, వాటిలో ఒకదాన్ని విజేతగా చూపిస్తుంది. ఎక్కువసార్లు మార్పులు జరిగిన ప్రతి గెలుస్తుంది. అది సమానమైతే గుర్తింపు సంకేతాన్ని అక్షరక్రమంలో పోల్చి తేలుస్తుంది. అన్ని యంత్రాలూ విడివిడిగా లెక్కించినా ఒకే జవాబు రావాలన్నదే ఆ నియమం ఉద్దేశం, వైద్యంతో దానికి పని లేదు. ఒక నర్సు రోగి పత్రంలో ‘పెన్సిలిన్ పడదు’ అని ఒక్కసారి చేర్చింది. అదే సమయంలో మరో ట్యాబ్‌లో ఫోన్ నంబరు తప్పుపడి రెండుసార్లు సరిచేశారు. సింక్ అయ్యాక గెలిచేది ఫోన్ నంబరు. పెన్సిలిన్ మాట చెరిగిపోలేదు, ఓడిన ప్రతిలో క్షేమంగా ఉంది. దాన్ని వెతికి చూపించమని యాప్ రాసినవారు ప్రత్యేకంగా చెప్పి ఉండకపోతే డాక్టరు తెరమీద మాత్రం కనిపించదు. వైద్యంలో ఇంతకన్నా చెడ్డ దోషం ఉండదనుకుంటాను, ఎందుకంటే ఎక్కడా ఎర్రగీత రాదు, అంతా సవ్యంగా జరిగినట్టే ఉంటుంది.

చివర రాసినదే చెల్లుతుందని తేదీ, సమయాలను బట్టి తేల్చే వ్యవస్థలు ఇంకా నాసి. ట్యాబ్‌ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవవు. వేర్వేరు యంత్రాల గడియారాలను నమ్ముకుని ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించడం ఎంత కష్టమో కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లోనే వివరించాడు. అయినా ఈ పొరపాటు కొత్త సాఫ్ట్‌వేర్‌లలోకి మళ్లీ మళ్లీ చొరబడుతూనే ఉంది.

ఇక రెండోది, నివేదికల పద్ధతి. ఇక్కడ ట్యాబ్ ‘రోగి ఇప్పుడు ఇలా ఉన్నాడు’ అని చెప్పదు, ‘ఈ రోజు ఇది జరిగింది’ అని చెబుతుంది. రాసిన నివేదికను తిరిగి దిద్దడం ఉండదు. తప్పు ఉంటే దాన్ని సవరిస్తూ మరో నివేదిక వెళుతుంది. బ్యాంకు ఖాతా పుస్తకంలో పాత పద్దును కొట్టివేయకుండా కొత్త పద్దు వేసినట్టన్నమాట. ఫారాలు నింపే యాప్ ఓడీకే కలెక్ట్ ఈ బాటలోనే నడుస్తుంది. నింపిన ప్రతి ఫారానికీ ట్యాబ్‌లోనే యూయూఐడీ అనే ఒక గుర్తింపు సంఖ్య పుడుతుంది. సాధారణంగా వాడే రకంలో 122 యాదృచ్ఛిక బిట్లు ఉంటాయి కనుక సర్వర్‌ను అడగకుండానే, మరెవరి సంఖ్యతోనూ దాదాపు ఎన్నడూ కలవని సంఖ్యను ట్యాబ్ తయారుచేసుకోగలదు.

ఆ సంఖ్య విలువ సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట తెలుస్తుంది. ట్యాబ్ పంపింది, సర్వర్ భద్రపరిచింది, ‘అందింది’ అన్న జవాబు దారిలో పోయింది. వెళ్లిందో లేదో ట్యాబ్‌కు తెలిసే మార్గం లేదు. మళ్లీ పంపడం ఒక్కటే దిక్కు. కాబట్టి రెండోసారి పంపినా హాని లేకుండా ఉండాలి. ఆ సంఖ్యను చూసి సర్వర్ ‘ఇది నా దగ్గర ఉంది’ అని ఊరుకుంటే సరి. లేదంటే బిడ్డకు వేసిన ఒక్క టీకా రెండు డోసులుగా నమోదై, రావాల్సిన డోసు జాబితాలోంచి జారిపోతుంది.

నేను ఈ పద్ధతివైపే మొగ్గడానికి కారణం వైద్య రికార్డు స్వభావం. ఈ రోజు రక్తపోటు 150/90 అని రాస్తే, పోయిన నెల రాసిన 130/80 అబద్ధం కాదు. ఇద్దరు నర్సులు వేర్వేరుగా కొలిచినా రెండూ నిజాలే, పక్కపక్కన ఉంటాయి. నిజమైన తగవు పేరు, పుట్టిన తేదీ, ఫోను, ప్రస్తుతం వాడుతున్న మందులు వంటి కొద్ది చోట్లే వస్తుంది. ఆ కొద్దింటికి వైద్య సమాచార మార్పిడికి వాడే ఫైర్ (FHIR) ప్రమాణంలో ఒక ఏర్పాటు ఉంది. తాను ఏ వెర్షన్‌ను చూసి మార్చిందో ట్యాబ్ చెప్పాలి; ఈలోగా సర్వర్‌లో అది మారి ఉంటే 412 అనే సంకేతంతో తిరస్కారం వస్తుంది. అప్పుడు రెండింటినీ మనిషి ముందు పెట్టాలి. యంత్రం తీర్పు చెప్పకూడదు.

లోపాలు దీనికీ ఉన్నాయి. సర్వర్ నుంచి తాజా సారాంశాన్ని విడిగా తెచ్చుకోకపోతే, ట్యాబ్‌కు తాను రాసింది తప్ప మరేమీ తెలియదు. కొత్త రోగి నమోదు చేరకముందే ఆ రోగి సందర్శన చేరితే సర్వర్ తికమకపడుతుంది. ఒక చెడ్డ రికార్డు వరుస ముందు ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగిపోతాయి. దాన్ని పక్కన పెట్టి మిగతావి పంపి, ఆ సంగతి ఎవరికైనా తెలియజేయాలి. అన్నిటికన్నా ఘోరం, ‘యాప్ మొరాయిస్తోంది’ అని దాన్ని తీసేసి మళ్లీ ఎక్కించడం. పంపని రికార్డులన్నీ దానితోనే పోతాయి.

ఏ పద్ధతీ తీర్చలేని చిక్కు మరొకటి ఉంది. ఒకే మనిషిని రెండు ట్యాబ్‌లలో కొత్తగా నమోదు చేస్తే రెండు యూయూఐడీలు పుడతాయి, సింక్ నిక్షేపంగా పూర్తవుతుంది, ఇద్దరు రోగులు తయారవుతారు. ముందే ముద్రించిన నంబరు కార్డులు ఇవ్వడం, లేదా రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ అయిన ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌లో వీలున్నట్టు నంబర్లను ముందుగానే తీసి నిల్వ ఉంచుకోవడం కొంత నయం. మిగిలిన జంటలను తర్వాత కలపాల్సిందే. కలిపినదాన్ని విడదీసే వీలూ ఉండాలి, ఎందుకంటే ఇద్దరి చరిత్రలు ఒకరికి అంటగట్టడం రెండు రికార్డులు ఉండటం కన్నా ప్రమాదం.

కనుక నెట్ ఎప్పుడో గాని పోని చోట నేరుగా సర్వర్‌లో రాయండి. నెలవారీ లెక్కలకు ఫైలు చాలు. నెట్ వచ్చి పోయే క్లినిక్‌లో సందర్శనలు నివేదికలుగా పైకి వెళ్లాలి, ఆ క్లినిక్ రోగుల సారాంశం మాత్రమే కిందికి రావాలి, అదీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా, భద్రపడి ఉండాలి. ఇప్పటికే కౌచ్‌డీబీ ఉన్నవారు దాన్ని వదిలేయనక్కర్లేదు. పెద్ద రోగి పత్రాన్ని విడగొట్టి, ఒక్కో అలర్జీని, ఒక్కో కొలతను వేరే పత్రంగా ఉంచితే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

ఒప్పందం మీద సంతకానికి ముందు రెండు ట్యాబ్‌లు బల్లమీద పెట్టించండి. రెండింటినీ విమానం మోడ్‌లో ఉంచి, ఒకదాని గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పండి. ఒకదానిలో ఒకే రోగికి అలర్జీ చేర్చి, మరోదానిలో ఫోన్ నంబరు రెండుసార్లు మార్చండి. నెట్ ఇచ్చి, పంపుతుండగా మధ్యలో తీసి, మళ్లీ ఇవ్వండి. అలర్జీ, నంబరు రెండూ నిలిచాయా, ఏదైనా రెండుసార్లు పడిందా చూడండి. తర్వాత ఇంకో రికార్డు రాసి, పంపకుండానే ఖాతా నుంచి బయటికి రావడానికి ప్రయత్నించండి. పంపాల్సింది ఒకటి మిగిలి ఉందని ట్యాబ్ అడ్డుకోవాలి.