పెర్షియన్ పిల్లికి మెడలో బెల్టా, ఒంట్లో చిప్పా?

విజయనగరంలో పిల్లులు పెంచేవాళ్లం ఒకరికొకరం ఏదో రకంగా తెలిసినవాళ్లమే కాబట్టి, ఎక్కడ బొచ్చు పిల్లి కనబడినా ఫోన్ నాకే వస్తుంది. "పెర్షియన్ దొరికిందండి, ఎవరిదో తెలీదు, ఏటి చెయ్యమంటారు?" అని ఒకరు. "మాది తప్పిపోయింది, చిప్ వేయించుంటే దొరికేదా, బెల్టు చాలా?" అని ఇంకొకరు. దీపావళి వారంలో మరీ ఎక్కువ, టపాసుల చప్పుడుకి బెదిరి బాల్కనీల్లోంచి దూకేస్తాయి మరి. రెండు ప్రశ్నలూ చివరికి ఒకచోటికే వస్తాయి గనక కలిపి రాస్తున్నాను. చిప్ అంటే భుజాల మధ్య చర్మం కింద సూదితో ఎక్కించే చిన్న మైక్రోచిప్, అందులో ఒక నంబరు ఉంటుంది.

నాటు పిల్లికైతే ఆలోచించక్కర్లేదు, బెల్టే. ఫోన్ నంబరు చెక్కిన బిళ్ల ఉంటే రెండు వీధుల అవతల చూసినవాళ్లు కూడా వెంటనే ఫోన్ చేస్తారు. స్కానర్ వద్దు, డాక్టర్ వద్దు. కాకపోతే గట్టిగా లాగితే ఊడిపోయే క్లిప్ ఉన్నదే కొనండి, లేకపోతే ఏ గేటు ఊచకో తగులుకుని మెడకి బిగిసిపోతుంది. ఎలాస్టిక్‌ది అసలు వద్దు, ముందుకాలు అందులో దూర్చేసుకుంటే చంక కింద కోసుకుపోతుంది. పెర్షియన్‌కి ఇంకో తంటా, బెల్టు కింద బొచ్చు ఉండలు కడుతుంది, రోజూ తీసి దువ్వాలి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. జాతి పిల్లి దగ్గర బెల్టు ఓడిపోయే చోటు వేరే ఉంది. వేలు పోసి కొనే పిల్లి రోడ్డు మీద ఎంతసేపు ఉంటుంది చెప్పండి? ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. దొంగలే కానక్కర్లేదు, "పాపం ఎంత ముద్దుగా ఉందో, పిల్లలు ఆడుకుంటారు" అనుకునే మామూలు మనుషులే. ఇంటికెళ్లాక ముందు తీసి పారేసేది బెల్టునే. నెల తర్వాత అసలువాళ్లు వచ్చి ఇది మాదే అంటే, వీళ్లు మేం వైజాగ్‌లో కొన్నాం అంటే, తేల్చేదెవరు? తెల్ల డాల్ ఫేస్ (ముక్కు మరీ అణిగిపోని పెర్షియన్ రకం) పిల్లులు నాలుగు పక్కపక్కన పెడితే పెంచినవాళ్లే తడబడతారు. వ్యాక్సిన్ పుస్తకంలో 'పెర్షియన్, తెలుపు, ఆడ' అనేగా రాసుంటుంది, అది ఊళ్లో సగం పిల్లులకి సరిపోతుంది. ఈ తగువు తీర్చేది చిప్పులో ఉండే ఆ 15 అంకెలే.

అలాగని చిప్ వేస్తే పిల్లి నడిచి ఇంటికొచ్చేయదు. అది జీపీఎస్ కాదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అడుగుతారు. స్కానర్ ఒంటికి దాదాపు ఆనించి తిప్పితేనే నంబరు చూపిస్తుంది. ఆ స్కానర్ మన జిల్లాలో ప్రతి పశువుల ఆసుపత్రిలోనూ ఉంటుందనుకోకండి, వెళ్లేముందు ఫోన్ చేసి కనుక్కోండి. నంబరు దొరికినా, అది ఎవరిదో చూడటానికి దేశంలో డాక్టర్లందరూ తెరిచే ఒకే రిజిస్టరు పిల్లులకి లేదు. అంటే పిల్లిని అమ్మినప్పుడు ఆ నంబరూ కొన్నవాళ్ల పేరూ ఎవరో రాసిపెట్టుకుని ఉండాలి. ఆ ఎవరో బ్రీడరే, అంటే పిల్లుల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవాళ్లే, కావాలని నా పట్టుదల.

ఆవు చెవికి పసుపు ట్యాగు చూసే ఉంటారు, 12 అంకెలు ఉంటాయి. రైతు వెళ్లి కొనుక్కుని వేయించుకుంటాడులే అని వదిలేసుంటే ఎన్ని చెవులకి ఉండేది? పశుసంవర్ధక శాఖవాళ్లు ఊళ్లోకొచ్చి వేసి, వివరాలు ఎక్కించుకుని వెళ్లారు కాబట్టి ఉంది. పిల్లి కొన్నవాళ్లు కూడా అంతే. మంచి ఫుడ్డు కొంటారు, ఏసీ పెడతారు, చిప్ దగ్గరికొచ్చేసరికి తర్వాత చూద్దాంలే అంటారు.

బ్రీడర్లు చెప్పే కారణాలు నాకు తెలుసు. పిల్ల చిన్నది, నొప్పి, ఖర్చు. ఎనిమిది వారాలకి మొదటి వ్యాక్సిన్ ఎలాగూ పడుతుంది, ఆ పూటే చిప్పూ వేయించొచ్చు, సూది కాస్త లావు అంతే. ఖర్చంటారా, పిల్లి ధరలో అదెంత? అసలు కారణం వేరే అని నా అనుమానం. నా దగ్గరికొచ్చే దిక్కులేని పెర్షియన్లలో పారిపోయినవి కొన్నే. మిగతావి ఈడుమళ్లిన ఆడవి, పొట్ట జారిపోయి, పాలిచ్చి పాలిచ్చి ఎండిపోయి, బొచ్చంతా చాపలా అట్టకట్టేసి ఉంటాయి. బాల్కనీలోంచి దూకినవి అలా ఉండవు. ఈనడం ఆగిపోయాక ఎవరో వదిలించుకున్నవి. వాటిలో చిప్ ఉంటే వదిలినవాడి గుమ్మం దాకా దారి ఉంటుంది.

2017లో కేంద్రం తెచ్చిన బ్రీడింగ్ నిబంధనల్లో చిప్ మాట ఉంది, కానీ అవి కుక్కల బ్రీడర్లకే. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లికి 20 వారాల వయసు వచ్చేలోపు చిప్ తప్పనిసరి, లేకపోతే 500 పౌండ్ల దాకా జరిమానా. అక్కడా ఆ బాధ్యత పెంచేవాళ్ల మీదే పెట్టారు. నేనైతే అమ్మేవాళ్ల మీద పెట్టేవాణ్ని.

చిప్ బదులు ఇంకేమైనా లేవా అంటారా? క్యూఆర్ బిళ్ల అంటే బెల్టే, బెల్టు పోతే అదీ పోతుంది. జీపీఎస్ కాలర్ బరువు, పైగా తరచూ ఛార్జింగ్ పెట్టాలి.

ఇక పిల్లి దొరికినవాళ్లకి. గదిలో పెట్టి నీళ్లు, తిండి ఇవ్వండి, బెదిరి ఉన్నప్పుడు స్నానం చేయించకండి. ఫొటో వాట్సాప్‌లో పెట్టేటప్పుడు ఒక గుర్తు దాచుకోండి, తోక చివర మచ్చో, కాలి వేళ్ల మధ్య రంగో. మాదే అన్నవాళ్లు ఆ గుర్తు చెప్పాలి, పాత ఫొటోలు చూపించాలి. స్కాన్ చేయించేటప్పుడు భుజాల మధ్యే చూసి ఆపొద్దని చెప్పండి, చిప్ ఒక్కోసారి భుజం కిందికో పక్కకో జారుతుంది.

కొనేవాళ్లు డబ్బులిచ్చే ముందు మీ కళ్లెదుటే స్కాన్ చేయించి, నంబరు స్టిక్కరు వ్యాక్సిన్ పుస్తకంలో అంటించమనండి. బ్రీడర్ కుదరదంటే ఇంకొకరిని చూసుకోండి. ఇప్పటికే ఇంట్లో పెద్ద పిల్లి ఉంటే, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి మత్తు ఇచ్చినప్పుడే చిప్పూ వేసేయమని డాక్టర్‌కి ముందుగా చెప్పి పెట్టండి, అప్పటికప్పుడు అడిగితే చిప్ వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు.