పాత పార్కు, పాత వీధి బాగు చేసుకోవాలంటే ఏది మేలు: యజమానుల ట్రస్టా, పౌరుల ఒడంబడికా?

1970ల్లో న్యూయార్క్‌లోని బ్రయంట్ పార్కు మత్తుమందుల అడ్డా. పట్టపగలు కూడా మామూలు జనం అటు వెళ్లడానికి జంకేవారు. 1980లో దాని బాగు కోసమే ఒక సంస్థ పుట్టింది; యజమానుల ట్రస్టు అని నేనంటున్నది ఇలాంటిదాన్నే. చుట్టుపక్కల భవనాల యజమానులు కట్టే రుసుము, అద్దెలు, ఈవెంట్ల ఆదాయం దానికి ఆధారం. 1988లో మూసిన పార్కును 1992లో తెరిచారు. అందులో నాకు బాగా నచ్చేది కుర్చీలు. నేలకు బిగించకుండా వదిలేశారు. ఎండ పడితే నీడలోకి జరుపుకోవచ్చు, స్నేహితులొస్తే చుట్టూ వేసుకోవచ్చు. ఆ కాస్త స్వేచ్ఛతోనే ఆ చోటు మనదనిపిస్తుంది. వీధిలోంచి లోపలికి చూపు ఆనకుండా అడ్డుపడే పొదలు తీసేయడం కూడా అంతే ముఖ్యమైన పని.

కానీ ఈ పద్ధతిలో డబ్బు తెచ్చేవారి మాటే చెల్లుతుంది. 1993 నుంచి 2010 దాకా ఫ్యాషన్ వీక్ గుడారాలు ఆ పార్కులోనే వెలిశాయి. అన్ని రోజులు పచ్చిక ఎవరిది? రోజూ వచ్చి కూర్చునేవారిని ఎవరు అడిగారు?

ఇటలీలోని బొలోన్యా వేరే దారి పట్టింది. 2014లో నగర కౌన్సిల్ ఒక నిబంధన తెచ్చింది: ఏదైనా ఉమ్మడి చోటును చూసుకుంటామని పౌరులు ముందుకొస్తే, నగరపాలక సంస్థ వాళ్లతో ఒడంబడిక రాసుకుంటుంది. ఎవరి పని ఏమిటి, సామాను ఎవరిస్తారు అన్నది కాగితం మీదే తేలుతుంది. ఆ నగరంలో స్తంభాల వసారాలు మొత్తం 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటికి ప్రపంచ వారసత్వ గుర్తింపునిచ్చింది. అలాంటి పాత గోడల మీద పిచ్చిరాతలు చెరపాలంటే చేతికందిన రంగు పులిమితే గచ్చు పాడవుతుంది. తెలిసినవాళ్లు దగ్గరుండి చూపించాలి. అందుకే పౌరులు మాత్రమే కాకుండా, నగర సంస్థ కూడా ఆ ఒప్పందంలో ఉండటం అవసరం.

దీని లోపమూ చిన్నదేం కాదు. తీరిక ఉన్నవాళ్లే మీటింగులకు వస్తారు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు, వీధి వ్యాపారులు వెనకబడతారు. రెండు మూడేళ్లకు ఉత్సాహం తగ్గితే చెత్త మళ్లీ మొదలవుతుంది.

లండన్‌లోని పాత మార్కెట్ పేట కోవెంట్ గార్డెన్ మరో హెచ్చరిక. కూల్చి కొత్తగా కడతామన్న ప్రణాళికను అక్కడివాళ్లు 1971 నుంచి పోరాడి ఆపించారు. 1974లో కూరగాయల మార్కెట్ వేరేచోటికి వెళ్లింది. భవనాలు మిగిలాయి, కానీ తర్వాత టూరిస్టుల దుకాణాలు పెరిగి, అద్దెలూ పెరిగాయి. గోడలు కాపాడుకున్నంత మాత్రాన మనుషులు మిగలరు.

ఏళ్లపాటు భారీ మరమ్మతులు కావాల్సిన పెద్ద పార్కుకు నిలకడైన ఆదాయం లేకుండా కుదరదు, అక్కడ ట్రస్టు పనికొస్తుంది. చౌకు, సందు, వసారా లాంటివైతే నా ఓటు బొలోన్యా పద్ధతికే. ఎటు వెళ్లినా మొదటి కాగితంలోనే మూడు రాయించుకోవాలి: ఈవెంట్లకు ఏడాదిలో ఎన్ని రోజులు, అక్కడ బతికే చిన్న వ్యాపారుల చోటు ఎలా నిలుస్తుంది, స్వచ్ఛందంగా వచ్చేవాళ్లు తగ్గితే ఊడ్చే బాధ్యత ఎవరిది.