పళ్ళ పాలిషింగ్‌కి సోడా పౌడరా, మెత్తని పౌడరా: ఏది మేలు?

భీమవరంలోనో అమలాపురంలోనో పళ్ళు క్లీన్ చేయించుకోవడానికి వెళ్తే, గార తీశాక కొన్ని క్లినిక్కుల్లో నీళ్ళు, గాలితో కలిపి ఒక పొడిని పళ్ళ మీదకు చిమ్ముతారు. దాన్నే ఎయిర్ పాలిషింగ్ అంటారు. ఎంతవుతుందండీ, నొప్పి ఉంటుందాండీ అని అడుగుతాం గానీ, ఆ పొడి ఏమిటని అడగం. చిగుళ్ళు జారిన వాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న అదే.

ఎక్కువగా వాడేవి మూడు. సోడియం బైకార్బనేట్, అంటే మన వంటసోడా పదార్థమే, ఎప్పటినుంచో ఉన్నది. గ్లైసిన్, ఎరిత్రిటాల్ ఆ తర్వాత వచ్చినవి. గ్లైసిన్ ఒక అమైనో ఆమ్లం. ఎరిత్రిటాల్ తియ్యగా ఉంటుంది గానీ దానివల్ల పళ్ళు పుచ్చవు.

మరకలు వదిలించడంలో సోడాదే పైచేయి. ఏళ్ళ తరబడి లంక పొగాకు చుట్ట కాల్చిన వాళ్ళ పళ్ళ మీది నలుపు, కిళ్ళీ ఎరుపు, టీ మరకలు దానికి త్వరగా లొంగుతాయి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద సోడా సుమారు 2.5, పంటి పైని గట్టి పొర అయిన ఎనామెల్ సుమారు 5. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న ఎనామెల్‌కి దీనివల్ల భయం లేదు. పళ్ళు అరిగిపోతాయన్న భయంతో క్లీనింగే మానేసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇబ్బంది ఎనామెల్ దగ్గర కాదు, దాని కింద. వయసు పైబడ్డాకో, చిగుళ్ళ జబ్బు వల్లో చిగురు జారితే పంటి వేరు బయటపడుతుంది. వేరు మీద ఎనామెల్ ఉండదు. సిమెంటమ్ అనే పల్చటి పొర ఉంటుంది, పంటి మెడ దగ్గర అది మన తలవెంట్రుక కంటే పల్చన. దాని కింద ఉండే డెంటిన్ కూడా ఎనామెల్ కంటే చాలా మెత్తన. సోడా రేణువులు పెద్దవి, అంచులు పదునైనవి. అవి అక్కడ పడితే ఆ పొర గీసుకుపోతుంది, చల్లటి మజ్జిగ తాగినా జివ్వుమంటుంది. చిగురు మీద పడితే పైచర్మం కాస్త లేచి మంట పుడుతుంది. చిగురు కొన్నాళ్ళకు మానుతుంది గానీ అరిగిన వేరు తిరిగి పెరగదు. పంటి రంగు ఫిల్లింగులు కూడా సోడా దెబ్బకు గరుకెక్కుతాయి, గరుకెక్కిన చోట మరకలు ఇంకా త్వరగా పడతాయి.

గ్లైసిన్ రేణువు సుమారు 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఎరిత్రిటాల్‌ది సుమారు 14. రెండూ సోడా కంటే మెత్తన. వేరు మీద, ఇంప్లాంట్ల (దవడ ఎముకలో బిగించిన కృత్రిమ పళ్ళ) చుట్టూ, చిగురు అంచున ఉన్న పాచిని తీయడానికి ఇవే తగినవి. చిగురు లోపలి సందుల్లోకి కూడా సరైన నాజిల్‌తో పంపవచ్చు. కాకపోతే ముదిరిన చుట్ట మరకలకు ఇవి నిదానం. అందుకే పంటి పైభాగానికి సోడా, చిగురు దగ్గర మెత్తని పౌడర్ వాడే డాక్టర్ దొరికితే అంతకంటే ఏం కావాలి! రాయిలా గట్టిపడ్డ గారను మాత్రం ఈ మూడింటిలో ఏదీ తీయలేదు, దానికి స్కేలింగే.

పాత పద్ధతిలో రబ్బరు కప్పుతో ప్యూమిస్ (అగ్నిపర్వతపు రాయి పొడి) పేస్టు రుద్దుతారు. ప్యూమిస్ ఎనామెల్ కంటే గట్టిది. అందుకే మరక ఉన్న చోట మాత్రమే, అదీ కాసేపు రుద్దితే చాలు.

నన్నడిగితే, చిగుళ్ళు గట్టిగా ఉండి టీ మరకలు మాత్రమే ఉన్న కుర్రాళ్ళకు సోడా చాలు, ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. పంటి వేళ్ళు బయటపడిన మన అమ్మమ్మలకు, తాతయ్యలకు మాత్రం నాలుగు రూపాయలు ఎక్కువైనా గ్లైసినో ఎరిత్రిటాలో అడిగి వేయించండి. ఉప్పు తగ్గించమన్న బీపీ, కిడ్నీ రోగులు సోడా అంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి, అందులో సోడియం ఉంటుంది. ఆస్తమా ఉంటే ఏ పౌడరైనా సరే చెప్పి తీరాలి, ఆ తుంపర ఊపిరాడనివ్వకపోవచ్చు.

క్లినిక్‌లో సోడా కొట్టారు కదా అని ఇంట్లో రోజూ వంటసోడా, ఉప్పు కలిపి తోమడం వేరే సంగతి. అక్కడ ఎప్పుడో ఒకసారి, ఒక్కో పంటికి కొన్ని క్షణాలు. ఇంట్లో ప్రతి పూటా రాపిడే. ఊక బూడిద, ఇటుక పొడి ఇంకా ప్రమాదం. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, అది ఎనామెల్ కంటే గట్టిది.

పాలిషింగ్ అయ్యాక రెండు మూడు గంటలు టీ, కాఫీ, కిళ్ళీ, పసుపు ఎక్కువున్న కూరలు వద్దు. పంటి మీద లాలాజలంతో ఏర్పడే పల్చటి పొర అప్పటికి తుడుచుకుపోయి ఉంటుంది. అది మళ్ళీ ఏర్పడేదాకా రంగు త్వరగా పడుతుంది.