ఓపెన్‌స్టాక్స్: కోర్సు మొదలైన రోజే చేతిలో ఉన్న పుస్తకం

గుంటూరులో బీకాం పూర్తిచేసిన పన్నెండేళ్లకు మళ్లీ చదువు మొదలుపెట్టాను. అమెరికాలో హ్యూస్టన్ దగ్గర ఒక ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలో (ఎక్కువగా రెండేళ్ల కోర్సులుండే స్థానిక కాలేజీ), నర్సింగ్‌లో చేరడానికి ముందు పాసవ్వాల్సిన సబ్జెక్టులు, అన్నీ ఆన్‌లైన్‌లోనే. ఇద్దరు పిల్లలు పడుకున్నాక, రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పుస్తకం తెరవడం కుదరదు.

మొదటి సెమిస్టర్లో ఒక సబ్జెక్టుకి ఆన్‌లైన్ పుస్తకం, క్విజ్‌లు తెరుచుకోవడానికి ఏదో ప్రచురణ సంస్థ వాళ్ల యాక్సెస్ కోడ్ కొనమన్నారు, వంద డాలర్ల పైనే. ఫీజు కట్టిన నెలలోనే అది కూడా అంటే మా వల్ల కాక రెండు వారాలు ఆగాను, ఆ రెండు వారాల క్విజ్ మార్కులు పోయాయి. సెమిస్టర్ అయిపోగానే కోడ్ గడువు తీరిపోయింది, డబ్బు పెట్టి కొన్న పుస్తకం ఇక తెరుచుకోలేదు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

తర్వాతి సెమిస్టర్లో స్టాటిస్టిక్స్ మేడం సిలబస్‌లో ఓపెన్‌స్టాక్స్ అనే ఉచిత పాఠ్యపుస్తకాల సైట్ లింకు పెట్టారు. నొక్కాను, పుస్తకం మొత్తం వచ్చేసింది. కార్డు నంబర్ అడగలేదు, చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. పీడీఎఫ్ దింపుకున్నాను, పిల్లల స్విమ్మింగ్ క్లాసు దగ్గర నెట్ లేకపోయినా చదువుకున్నాను. ఉచితం అన్నదానికంటే, మిగతా వాళ్లతో పాటు మొదటి రోజే నా దగ్గరా పుస్తకం ఉండటం నాకు ముఖ్యం. ఆ సెమిస్టర్లో ఒక్క క్విజ్ కూడా పోలేదు.

ఓపెన్‌స్టాక్స్ హ్యూస్టన్‌లోనే రైస్ యూనివర్సిటీలో ఉన్న లాభాపేక్ష లేని సంస్థ. రిచర్డ్ బరనియుక్ అనే ఇంజనీరింగ్ ప్రొఫెసర్ 1999లో కనెక్షన్స్ పేరుతో మొదలుపెట్టిన పనే పెరిగి ఇలా అయింది, ఓపెన్‌స్టాక్స్ పేరుతో మొదటి పాఠ్యపుస్తకాలు 2012లో వచ్చాయి. హ్యూలెట్, గేట్స్ లాంటి ఫౌండేషన్లు డబ్బిచ్చాయి. రైస్ ప్రైవేటు యూనివర్సిటీయే, కానీ నేను చదివిన స్టాటిస్టిక్స్ పుస్తకం రాసిన బార్బరా ఇలోస్కీ, సూజన్ డీన్ ఇద్దరూ కాలిఫోర్నియాలో, మనవాళ్లు చాలామంది ఉండే కుపర్టీనోలోని డి ఆంజా కాలేజీలో పాఠాలు చెప్పినవాళ్లు. అది కూడా ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీయే. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదివేవాళ్లకు పాఠం చెప్పిన చేతులు రాసిన పుస్తకమని నాకైతే ప్రతి అధ్యాయంలోనూ అనిపించింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్టాటిస్టిక్స్ పుస్తకం 13 అధ్యాయాల్లో 8, 9 దగ్గర, అంటే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (శాంపిల్‌ని బట్టి అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చో అంచనా వేయడం), హైపోథెసిస్ టెస్టింగ్ (ఒక ఊహకి డేటా సరిపోతుందో లేదో పరీక్షించడం) దగ్గర నేను బాగా ఇబ్బంది పడ్డాను. టీఐ 83, 84 కాలిక్యులేటర్లలో ఏ బటన్ నొక్కాలో ఓపిగ్గా రాశారు, అసలు ఆ పని ఎందుకు చేస్తున్నామో ఇంకో రెండు పేరాలు రాసి ఉంటే బాగుండేది. బేసి సంఖ్య లెక్కలకే జవాబులుంటాయి, సరి సంఖ్యవి మేడంని అడగాల్సిందే. మా కోర్సులో మేడం ప్రతి మెయిల్‌కీ జవాబిచ్చారు కాబట్టి సరిపోయింది. అలా పట్టించుకునేవాళ్లు లేకపోతే ఒక్క పుస్తకంతో నెట్టుకురావడం కష్టం, అది గట్టిగా చెప్తున్నాను.

ఓపెన్‌స్టాక్స్ వాళ్లదే అనాటమీ (శరీర నిర్మాణం) పుస్తకం 28 అధ్యాయాలు, చాలా పెద్దది, ఫోన్‌లో పీడీఎఫ్ తెరిస్తే తిప్పడానికే చికాకు. దాన్ని వెబ్‌లోనే చదవండి. బొమ్మలు మాత్రం ఎంత బాగున్నాయో! ఎముకల పేర్లు నాకు వాటివల్లే గుర్తున్నాయి.

పుస్తకంలో తప్పు కనబడితే మనమే రిపోర్ట్ చేయొచ్చు, వాళ్లు చూసి సరిచేస్తారు. స్పానిష్, పోలిష్ భాషల్లో కొన్ని పుస్తకాలున్నాయి, తెలుగులో లేవు. ఓపెన్ లైసెన్స్ కాబట్టి మూలం పేరు చెప్పి అనువదించుకునే వీలుంది, తెలుగు బాగా వచ్చిన లెక్చరర్లు ఎవరైనా ఒక్క స్టాటిస్టిక్స్‌తో మొదలుపెడితే ఎంత బాగుంటుందో.

మా ఆడపడుచు కూతురు నరసరావుపేటలో డిగ్రీ చదువుతోంది. దానికీ ఇదే లింకు వాట్సాప్‌లో పంపాను. అక్కడా అలాగే తెరుచుకుంది, ఇప్పుడు ప్రాబబిలిటీ అధ్యాయంలో ఉంది, ఆదివారం ఫోన్‌లో ఇద్దరం కలిసి లెక్కలు చేస్తున్నాం.