బండి సూటిగా పోతోందని నమ్మకండి: అలైన్‌మెంట్ పేరుతో నాకు జరిగిన మోసం

కొత్త టైర్లు వేయించబోతున్నవాళ్ళు, వర్షాలు తగ్గాక అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేయిద్దాం అనుకుంటున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. నేను నాలుగు టైర్లకు 23,600 రూపాయలు పోశాను. ముందు రెండూ 7,000 కిలోమీటర్లు తిరగకుండానే పనికిరాకుండా పోయాయి. ఆ టైర్ల మీద అమ్మనీ పిల్లల్నీ ఎక్కించుకుని విజయవాడ హైవే మీద వంద స్పీడులో వెళ్ళానని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మాది చిన్న హ్యాచ్‌బ్యాక్, 185/65 ఆర్15 టైర్లు. పాతవి అరిగిపోయాయి. పైగా వానల్లో ఒక గుంతలో పడ్డప్పటి నుంచి, బండి సూటిగా వెళ్తున్నా స్టీరింగ్ మాత్రం కాస్త ఎడమకు తిరిగి ఉండేది. ఇంటికి దగ్గర్లో పెద్ద షాపు ఉంటే అక్కడికి వెళ్ళాను. టైర్లు వేశారు. అలైన్‌మెంట్‌కి 500 అన్నారు. కాసేపటికి ఒకతను వచ్చి "క్యాంబర్ ఔట్ అయింది సార్, చేయకపోతే కొత్త టైర్లు తినేస్తుంది" అని ఇంకో 800 చెప్పాడు. క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం లోపలికో బయటికో ఒరిగి ఉండటం. కొత్త టైర్లు కదా, భయపడి సరే అన్నాను. నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. ఇరవై నిమిషాల్లో అంకెలన్నీ ఆకుపచ్చ రంగులో, అంటే అంతా సరిగ్గా ఉన్నట్టు ఉన్న కాగితం చేతిలో పెట్టారు. స్టీరింగ్ కూడా సూటిగా వచ్చింది. ఇంకేం కావాలి అనుకుని ఆ కాగితం మడిచి డాష్‌బోర్డులో పడేశాను.

నెలలు గడిచేకొద్దీ కారులో గుయ్యిమని ఒక శబ్దం మొదలైంది. రోడ్డు శబ్దమేలే అనుకున్నాను. మొన్న సెలవులకు ఊరు బయల్దేరితే చౌటుప్పల్ దాటాక అది మరీ ఎక్కువైంది. సూర్యాపేట దగ్గర టీకి ఆగినప్పుడు ముందు ఎడమ టైరులో గాలి తగ్గినట్టు కనిపించి, పక్కనే ఉన్న పంక్చర్ షాపులో చూపించాను.

అక్కడి పెద్దాయన జాకీ ఎత్తి చక్రం విప్పి నేలమీద పడుకోబెట్టాడు. "సారూ, ఈడ చెయ్యి పెట్టి సూడు" అన్నాడు. బయటి అంచున గాడులు లోతుగా, కొత్త టైరులాగే ఉన్నాయి. లోపలి అంచు పూర్తిగా గుండు. ఒకచోట రబ్బరు చీలి సన్నటి ఇనుప తీగలు బయటికి పొడుచుకొచ్చాయి. కొంచెం గాడి మిగిలిన చోట అరచేతితో ఒకవైపు నిమిరితే నున్నగా ఉంది, ఎదురు నిమిరితే రంపంలా చేతికి తగిలింది. "టో పోయింది. టైరు ఉరుకుతలేదు, ఈడ్చుకపోతున్నది" అన్నాడు. కుడి టైరూ అంతే. స్టెప్నీ ఒకటే ఉంది కాబట్టి రెండోదాని కోసం అక్కడే కొత్త టైరు కొని, మెల్లగా ఇల్లు చేరాం.

బండి ఒక పక్కకు లాగకపోతే అలైన్‌మెంట్ బాగున్నట్టే అనుకునేవాణ్ణి. మీలో చాలామంది అలాగే అనుకుంటూ ఉంటారు. పైనుంచి చూసినప్పుడు ముందు చక్రాలు ఎంత లోపలికో, ఎంత బయటికో తిరిగి ఉన్నాయన్నదే టో. రెండు చక్రాలూ సమానంగా బయటికి తిరిగి ఉంటే ఒకటి ఎడమకు, ఒకటి కుడికి లాగుతుంది. ఒకదాని లాగుడుకు ఇంకొకటి సరిపోయి బండి సూటిగానే పోతుంది, స్టీరింగ్ కూడా సూటిగానే ఉంటుంది. టైర్లు మాత్రం రోడ్డు మీద అడ్డంగా రాసుకుంటూ పోతాయి. చక్రం అర డిగ్రీ తప్పితే కిలోమీటరుకు ఎనిమిది మీటర్లకు పైగా పక్కకు ఈడ్చినట్టు లెక్క. ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట చేరేసరికి నా టైర్లు కిలోమీటరు దూరం అడ్డంగా ఈడ్చుకుపోయాయన్నమాట.

తిరిగి వచ్చాక వేరేచోట చూపించాను. అతను మిషన్ జోలికి వెళ్ళకముందే నాలుగు టైర్లలో గాలి సరిచూశాడు, టై రాడ్ ఎండ్లు (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీల చివర్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (చక్రాన్ని కింద పట్టి ఉంచే భాగంలోని రబ్బర్లు) ఊపి చూశాడు. వాటిలో లూజు ఉంటే ఎంత సెట్ చేసినా నిలవదట. తర్వాత నన్ను బండి కిందికి పిలిచి టార్చి వేశాడు. టో మార్చాలంటే టై రాడ్ మీది లాక్ నట్టు వదులు చేయాలి. కుడి టై రాడ్ లాక్ నట్టు మీద పానా పట్టిన గుర్తులు మెరుస్తున్నాయి. ఎడమ నట్టు మీద మట్టి రాయిలా గట్టిపడి, తుప్పుతో కలిసిపోయి ఉంది. ఏళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంటే ఆ షాపువాళ్ళు ఒక పక్క మాత్రమే తిప్పి స్టీరింగ్ సూటిగా కనిపించేలా చేశారు, టో సంగతి గాలికి వదిలేశారు. స్క్రీన్ మీద ఒక్కో ముందు చక్రం దాదాపు అర డిగ్రీ బయటికి చూపించింది.

మరి ఆ పచ్చ కాగితం? డాష్‌బోర్డులోంచి తీసి చూస్తే పైన మోడల్ పేరు మా కారుది కాదు. బండి నంబరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. వేరే ఎవరి కారు కాగితమో నా చేతిలో పెట్టారు. ఇన్ని నెలలూ అది నా దగ్గరే ఉంది, ఒక్కసారి విప్పి చదవలేదు.

క్యాంబర్ సంగతీ అంతే. మా బండికి కంపెనీ క్యాంబర్ సర్దుబాటే ఇవ్వలేదు. చాలా చిన్న కార్లకు ముందు టో ఒక్కటే మార్చగలం. క్యాంబర్ నిజంగా తప్పితే ఏదో భాగం వంగిందనో అరిగిందనో అర్థం, దాన్ని మార్చాలి. కొన్నిచోట్ల జాకీలాంటి పరికరం పెట్టి స్ట్రట్‌నే (చక్రాన్ని పట్టుకుని ఉండే షాక్ అబ్జార్బర్ భాగం) వంచేస్తారు. దయచేసి ఒప్పుకోకండి. మీ బండికి క్యాంబర్ సెట్టింగ్ ఉందో లేదో సర్వీస్ సెంటర్‌కి ఒక్క ఫోన్ చేస్తే చెప్తారు.

అదే రోజు ఇంకో విషయం బయటపడింది. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ టైరు తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. నా వెనక టైర్లు రెండింటి మీదా 3121 అని ఉంది. అంటే 2021లో 31వ వారం. కొత్తవని పూర్తి ధర తీసుకుని ఏళ్ళ తరబడి నిల్వ ఉన్నవి వేశారు. చాలా టైర్లకు ఈ తేదీ ఒక పక్కే ఉంటుంది. నావాటికి ఆ పక్క లోపలికి పెట్టి బిగించారు. కాబట్టి రిమ్ముకు ఎక్కించకముందే నాలుగు టైర్ల తేదీలూ చూడండి, ఫోటో తీసుకోండి, బిల్లు మీద రాయించుకోండి.

అలైన్‌మెంట్ చేస్తున్నంతసేపూ బండి పక్కనే నిలబడండి. స్క్రీన్ మీద మీ మోడల్ ఎంచుకున్నారా, రెండు వైపుల లాక్ నట్లూ చూశారా గమనించండి. పనికి ముందు అంకెలు, తర్వాత అంకెలు రెండూ ఉన్న కాగితం మీ బండి నంబరుతో తీసుకోండి. ఇక నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దిగి టైరు లోపలి అంచు చూడండి. ఫోన్ లైటు చాలు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ చూపించాలి. గాలి ఎంత ఉండాలో చాలా కార్లకు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.

బిల్లు, కాగితం, నట్ల ఫోటోలు పట్టుకుని ఆ షాపుకి వెళ్తే మొదట "మీరు గుంతల్లో తిప్పారు" అన్నారు. మోడల్ పేరు చూపించాక మాట మార్చి అలైన్‌మెంట్, క్యాంబర్ డబ్బులు 1,300 తిరిగిచ్చారు. టైర్ల సంగతి తేల్చలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలాక ఇక్కడే రాస్తాను. ఈలోపు మీ డాష్‌బోర్డులో కూడా ఇలాంటి కాగితం ఉంటే ఇవాళే తీసి, దాని మీద ఎవరి కారు పేరు ఉందో చూడండి.